ఎండకొచ్చిన నీలం

మార్చి 9

ఐసు ఫ్యాక్టరీ తాళాలు హన్నాకి ఇచ్చాను. గేటుది, మెషిన్ రూముది, ఆఫీసు గదిది. మూడూ తుప్పు పట్టాయి. కొబ్బరినూనె పోసి రెండు రోజులు ఉంచితే తిరిగాయి.

మా ఆయన పోయాక ఒక్క సీజను నడిపి మూసేశాను. ఎనిమిదేళ్ళయింది. అమ్మేయమని అందరూ అన్నారు. ఉయ్యూరు నుంచి ఇనుము కోసం ఒకరు, స్థలం కోసం ఒకరు వచ్చి చూసి వెళ్ళారు. అమ్మలేదు. ఎందుకు అట్టిపెట్టానో ఇవాళ తెలిసింది. ఈ పిల్ల కోసమే.

హన్నా మా ఆపరేటరు యేసుకుమార్ కూతురు. ఇంటర్ నుంచి పీహెచ్‌డీ దాకా మేమే చదివించాం. ఇప్పుడు సొంతంగా కంపెనీ పెట్టింది, అమ్మోనియా తయారుచేసే మెషిన్ కోసం. అద్దె వద్దన్నాను. "ఊరికే వద్దండి ఆంటీ. షెడ్డు మీ వాటా కింద రాద్దాం. డబ్బు పెట్టాలో వద్దో మెషిన్ చూశాక మీరే చెబుదురు గాని" అంది. కాగితం కూడా తెచ్చింది. వాళ్ళ నాన్న అయితే కాగితం అడగడు.

మార్చి 10

నిన్న రాసింది చదివాను. "ఈ పిల్ల కోసమే" అట. బాగానే రాశాను.

మార్చి 17

భవానీపురం నుంచి రెండు బస్సులు మారి ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి పదయింది. హన్నా నేల కడిగించి, బల్లలు వేయించి, రేకుల మీద సోలార్ పలకలు పెట్టించింది. ఐసు డబ్బాలు దింపే ఉప్పునీళ్ళ తొట్టి మీద చెక్కలు పరిచి దాని మీదే కంప్యూటర్ పెట్టుకుంది. పాత పైపులు, కంప్రెసర్, అమ్మోనియా నిలవుండే పెద్ద డ్రమ్ము ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని కదిలించాలంటే మనుషులు కావాలి, క్రేను కావాలి. ఉండనీ అన్నాను.

మెషిన్ చిన్నది. వంటింట్లో మంచినీళ్ళ ఫిల్టరంత. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క గాలి, మధ్యలో లోహపు పలక. కరెంటు పెడితే అమ్మోనియా వచ్చి నీళ్ళలో కలుస్తుందట. మాకు తెలిసిన అమ్మోనియా సిలిండర్లలో వచ్చేది, పైపుల్లో తిరిగి నీళ్ళని గడ్డ కట్టించేది. యూరియా కూడా దాన్నుంచే అని ఇన్నేళ్ళకి ఈ పిల్ల చెబితే తెలిసింది. పెద్ద ఫ్యాక్టరీల్లో దానికోసం గ్యాస్ తగలబెట్టి పొగంతా ఆకాశంలోకి వదులుతారట. ఇది ఎండతో నడుస్తుంది. ఊరికొకటి పెట్టుకుంటే ఆ నీళ్ళు తిన్నగా పొలానికే. యూరియా కట్ట కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడక్కర్లేదు.

మెషిన్ రూములో అడుగు పెట్టగానే ఆ వాసన తగిలింది. ఇరవై రెండేళ్ళు పీల్చిన వాసన. మూసేసేటప్పుడు గ్యాసంతా తీయించాం. కాబట్టి గదిలో ఉండదు. నా ముక్కులో ఉండిపోయింది.

మార్చి 24

లక్ష్మీకాంత్ భోజనానికి వచ్చాడు. నా తమ్ముడు. వన్ టౌన్‌లో మోటార్ల కొట్టు. అక్కడి వ్యాపారస్తులు పదకొండు మంది కలిసి చీటీపాటలు మానేసి, కొత్త కంపెనీల్లో డబ్బు పెడుతున్నారు. నెలకోసారి వీడి కొట్టు మేడ మీద కూర్చుని పునుగులు తింటూ దేశాన్ని బాగుచేస్తారు. హన్నా సంగతి చెప్పాను.

"ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా తయారు చేస్తానంటోందా? ఇన్నాళ్ళూ అది బయటికి రాకుండా చూసుకోడానికే కదే అక్కా మీరంతా చచ్చింది" అన్నాడు.

నవ్వాను. తర్వాత వాడే నెమ్మదిగా అడిగాడు, ఎంతవరకు వచ్చిందని. జూన్ మొదటి ఆదివారం అందరినీ తీసుకొచ్చి చూపిస్తానన్నాడు. "మావాళ్ళెవరికీ కెమిస్ట్రీ తెలీదు. నీకు అమ్మోనియా తెలుసు. నువ్వు బాగుందంటే పదకొండు మందీ పెడతారు. నువ్వు నసిగితే ఒక్కడూ పెట్టడు."

హన్నాకి వచ్చే గ్రాంటు జూన్‌తో ఆఖరు. ఆపైన ఎవరూ పెట్టకపోతే పూనాలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. మెషిన్ అట్టపెట్టెలోకి పోతుంది.

ఏప్రిల్ 2

నీలం వచ్చింది.

ఏప్రిల్ 3

నిన్న సంతోషంలో ఇంకేమీ రాయలేదు. అమ్మోనియా వచ్చిందో లేదో చూడటానికి హన్నా నీళ్ళలో మూడు రకాల చుక్కలు వేస్తుంది. అమ్మోనియా ఉంటే నీలం తిరుగుతుంది. ఎంత చిక్కటి నీలమో అంత అమ్మోనియా. పొద్దున ఏడింటికి మెషిన్ ఆపి ఉంచి, ఊరికే నీళ్ళలో చుక్కలు వేసి చూస్తుంది. తేటగా ఉండాలి. ఉంటున్నాయి. మధ్యాహ్నం పలకలు బాగా కరెంటిచ్చే వేళ మెషిన్ నడిపి మళ్ళీ వేస్తుంది. నీలం. హైదరాబాదులో చదివేటప్పుడు లేతగా వచ్చేదట, ఇక్కడ దానికి పదింతలు. మెషిన్‌లో లోహపు పలక మార్చినందుకే అంటుంది. నాకూ చుక్కలు వేయడం నేర్పింది. గదిలో వాసన కూడా వస్తోందని పిల్ల మురిసిపోయింది.

"మీకు తెలుస్తోందా ఆంటీ?"

తెలుస్తోందన్నాను.

ఏప్రిల్ 18

గుడ్ ఫ్రైడే. యేసుకుమార్ చర్చి నుంచి నేరుగా ఫ్యాక్టరీకి వచ్చాడు. ఉపవాసం. గేటు దగ్గరి నుంచి మెషిన్ రూముకి రావడానికి రెండు చోట్ల ఆగాడు. గొంతు ఎప్పటిలాగే గరగర.

సీసాలో నీలం చూపించాను. చాలాసేపు చూశాడు. "నాకు వాసన తెలీదు గదమ్మగారూ. పాపని గ్యాస్ దగ్గర చూస్తే బయమేస్తంది" అన్నాడు.

ఇది చాలా కొంచెమని, ప్రమాదం లేదని హన్నా చెప్పింది. తల ఊపాడు. వెళ్తూ పెద్ద డ్రమ్ము పక్కనున్న వాల్వు దగ్గర నిలబడి, ముట్టుకోకుండా చూసి వెళ్ళాడు.

పద్నాలుగేళ్ళ కిందట మే నెలలో ఆ వాల్వు దగ్గరే గ్యాస్ బయటికొచ్చింది. లోపల ఐసు డబ్బాలు లాగేవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళని బయటికి తోసి, తను లోపలికెళ్ళి వాల్వు కట్టేశాడు. ఇరవై మూడు రోజులు ఆస్పత్రి. ముక్కు పోయింది, ఊపిరితిత్తులు సగం పోయాయి. "వాల్వు తిప్పేటప్పుడు చూసుకోవాలి కదయ్యా" అన్నారు మా ఆయన, మంచం పక్కన నిలబడి, కోపంగా కాదు. యేసుకుమార్ కళ్ళు మూసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను.

మిగతాది రాయను.

ఏప్రిల్ 29

నిన్నటి నుంచి మబ్బు, ఈదురుగాలి. పలకలు పనిచేయలేదు. హన్నా లైను కరెంటు మీద మెషిన్ నడిపింది. నీలం రాలేదు. సోలార్ కరెంటులో ఏం తేడా ఉందో అర్థం కాలేదంది. రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పెట్టి కలిపి ముద్దలు చేతిలో పెట్టాను. తింటూనే కంప్యూటర్ చూసుకుంది.

మే 2

ఎండ వచ్చింది. నీలం కూడా.

మే 7

హన్నా ఏవో సామాన్లకి బెజవాడ వెళ్ళింది. మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఒక్కదాన్నే ఉన్నాను. ఎండ బాగా ఉంది. రెండు సీసాలు కడిగి బోర్లించాను.

మే 8

వెళ్ళలేదు. ఇల్లు దులిపించాను.

మే 10

రాయకపోతే నిద్ర పట్టడం లేదు.

ఏడో తారీఖున మెషిన్ ఆపి ఉంది. తీగలు కూడా తీసేసి ఉన్నాయి. రేకులు కాలి గది పొయ్యిలా ఉంది. వాసన కళ్ళలో నీళ్ళు తెప్పించేంత వచ్చింది. ముక్కులో ఉండిపోయిన వాసన కళ్ళు మండించదు. మంచినీళ్ళు సీసాలో పోసి, మూత తీసి బల్ల మీద రెండు గంటలు ఉంచాను. చుక్కలు వేశాను. నీలం. ఇంకో సీసా పెట్టాను. అదీ నీలం. హన్నా చూపించే నీలమే. కడిగి బోర్లించాను.

నిన్న గంధకం పుల్లలు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఎక్కడ లీకో తెలియకపోతే ఆ పుల్ల వెలిగించి పైపుల వెంట తిప్పేవాళ్ళం. అమ్మోనియా తగిలిన చోట తెల్లటి పొగ లేస్తుంది. పెద్ద డ్రమ్ము అడుగున కంప్రెసర్ నూనె దిగే కుండ ఉంటుంది. అక్కడ లేచింది. గ్యాసంతా తీయించాం గాని ఆ నూనె తీయించలేదు. నూనెలో గ్యాస్ నిలిచిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కదలదు. రేకులు వేడెక్కితే బయటికొస్తుంది.

హన్నా ఊరికే నీళ్ళు చూసేది పొద్దున. మెషిన్ నడిపేది మధ్యాహ్నం. మబ్బు పట్టిన రోజు వేడీ లేదు, నీలమూ లేదు.

మెషిన్ వల్ల కాదు. మా ఫ్యాక్టరీ వల్ల. ఎవరూ అమ్మోనియా మెషిన్‌ని ఐసు ఫ్యాక్టరీలో పెట్టుకోరు. నేనే పిలిచి తాళాలిచ్చాను.

మే 11

కొంత మెషిన్‌ది కూడా అయి ఉంటుంది. హైదరాబాదులో వచ్చింది కదా. ఎంత దీనిదో ఎంత దానిదో నేనెలా చెప్పగలను. పదో తరగతి చదివిన దాన్ని.

మే 15

చదువుకున్న పిల్ల. తనే కనుక్కుంటుంది.

మే 21

హన్నా ఇంకో పెద్ద మెషిన్ బొమ్మ గీసి చూపించింది. ట్రాక్టరు ట్రక్కు మీద పట్టేంత. దానికి డబ్బు లక్ష్మీకాంత్ వాళ్ళు పెట్టాలి. "మీరు నమ్మారు గాబట్టి వాళ్ళు నమ్ముతున్నారండి" అంది. జడ విప్పదీసుకుని ఆరబెట్టుకుంటోంది అప్పుడు. వాళ్ళమ్మ పోలిక. చిన్నప్పుడు ఐసు పెళ్ళలు ఏరుకుని గౌనులో మూట కట్టుకుని ఇంటికి పరుగెత్తేది.

చెబుదామని వెళ్ళాను. మామిడికాయలు ఇచ్చి వచ్చేశాను.

మే 28

వాసన తగ్గినట్టుంది.

మే 30

తగ్గలేదు.

జూన్ 1

పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు, మూడు కార్లలో. నలభై మూడు డిగ్రీలు. హన్నా చీర కట్టుకుంది. చక్కగా చెప్పింది. పొద్దుటి తేట నీళ్ళ సీసా, మధ్యాహ్నపు నీలం సీసా పక్కపక్కన పెట్టింది. నూనెల వ్యాపారం చేసే పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి "ఇంకు కలపలేదు కదమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. హన్నా కూడా నవ్వి, మూడో సీసాలో అందరి ముందూ చేసి చూపించింది. ఇంకా చిక్కటి నీలం. పెద్దాయన ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

"ఏమక్కా, మరి నీ మాట?" అన్నాడు లక్ష్మీకాంత్. కాగితాలు వాడి చేతిలోనే ఉన్నాయి.

అందరూ నా వైపు తిరిగారు. హన్నా నా వైపు చూడలేదు. చూడక్కర్లేదనుకుంది. సీసా మూత బిగించుకుంటోంది.

"ఒక నెల ఆగండి" అన్నాను.

మూత బిగించడం ఆగిపోయింది. ఎందుకని లక్ష్మీకాంత్ అడిగాడు. ఆగమంటున్నాను అంతే అన్నాను. కార్లు వెళ్ళిపోయాక హన్నా సీసాలన్నీ తుడిచి వరసగా పెట్టింది. ఒక్కటే అడిగింది.

"నా మీద నమ్మకం లేదా ఆంటీ, లేక మా నాన్న కూతుర్నని ఇంతవరకే అనుకున్నారా?"

బస్సు టైమయిందని వచ్చేశాను.

జూన్ 2

అలా అడగాల్సిన పిల్ల కాదు. నేను అడిగించాను.

జూన్ 4

యేసుకుమార్ ఇంటికి వెళ్ళాను. ఫ్యాక్టరీ వెనక కాలవ గట్టు మీద ఇల్లు. తండ్రీకూతుళ్ళిద్దరూ ఉన్నారు. కుర్చీ వేశారు.

ముందు వాసన సంగతి చెప్పాను. మెషిన్ ఆపి ఉన్నా నీళ్ళు నీలం తిరిగాయని, నూనె కుండ దగ్గర పొగ లేచిందని, పొద్దున రాదు మధ్యాహ్నమే వస్తుందని. హన్నా మొదట తల అడ్డంగా ఊపింది. తర్వాత ఊపడం మానేసింది. ఒక కాగితం తీసుకుని తారీఖులు రాసుకుంది, వాటి పక్కన ఎండ, మబ్బు అని రాసుకుంది. ఆఖరి తారీఖు దాకా రాశాక పెన్ను పక్కన పెట్టింది.

"మీకెప్పటి నుంచి తెలుసండి?"

"వాసన మొదటి రోజు నుంచి. ఎక్కడిదో మే తొమ్మిది నుంచి."

"నెలరోజులు చెప్పలేదు."

"చెప్పలేదు."

లేచి బయటికి వెళ్ళిపోయింది. కాలవ వైపు. నేనూ లేచి వచ్చేయొచ్చు. చెప్పవలసింది చెప్పాను. కానీ యేసుకుమార్ నా ముందు కూర్చుని ఉన్నాడు. కూతురు వెళ్ళిన వైపు చూస్తూ దగ్గుతున్నాడు. ఏప్రిల్‌లో రాయనన్న మిగతాది కూడా చెప్పాను. ఇక్కడా రాస్తాను.

గ్యాస్ బయటికొచ్చిన ఏడాది మార్చిలో అంతోని అనే మెకానిక్కు కంప్రెసర్ చూడటానికి వచ్చాడు. ఆ రోజు యేసుకుమార్ సెలవు. మా ఆయన ఊళ్ళో లేరు. వెళ్తూ వెళ్తూ అంతోని నాతో అన్నాడు, పెద్ద డ్రమ్ము వాల్వుకి గ్యాస్ ఆపే లోపలి ప్యాకింగు అరిగిపోయిందమ్మా, ఒక పూట ఆపి మార్చాలి అని. రొయ్యల సీజను. లారీలు గేటు బయట నిలబడి ఉన్నాయి. సీజనయ్యాక చూద్దాం అన్నాను. ఎవరికీ చెప్పలేదు. మే నెలలో అదే ఊడింది. అంతోని మరుసటేడు పోయాడు. ఆస్పత్రిలో మా ఆయన "చూసుకోవాలి కదయ్యా" అన్నప్పుడు నేను మంచం దగ్గరే ఉండి నోరు విప్పలేదు. హన్నాని చదివించాం. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే విన్నాను.

యేసుకుమార్ చీవాట్లు పెడతాడేమో అనుకున్నాను. పెట్టాలని కూడా అనుకున్నాను.

"అంతోని గారు మార్చిలోనే చెప్పారా అమ్మగారూ?"

"అవును."

"మే నెలలో ఆ పొద్దున నేను వాల్వు రెండు చుట్లు తిప్పాను. ఒకటిన్నర తిప్పాలి. నేనే ఎక్కువ తిప్పాననుకున్నాను." కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అయితే ఇది కాదన్నమాట."

నేనిన్నాళ్ళూ నా తప్పు ఒక్కటే దాచాననుకున్నాను. దాన్ని యేసుకుమార్ మోస్తున్నాడని తెలియదు. తెలియదా? మంచం మీద కళ్ళు మూసుకోవడం చూశాను కదా.

మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తాగాను. బస్సు దాకా గొడుగు పట్టుకుని వచ్చాడు. వద్దన్నా వినలేదు.

జూన్ 5

ఏమీ లేదు.

జూన్ 13

హన్నా ఫోను లేదు. లక్ష్మీకాంత్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. "అయిపోయింది అక్కా ఇక" అన్నాడు. మళ్ళీ వాడే, "చెప్పావు, అది నయం" అని పెట్టేశాడు.

జూన్ 22

హన్నా ఫోను చేసింది.

"మీ మేడ మీద గది ఖాళీయేనా ఆంటీ?"

ఖాళీయే అన్నాను.

"కోపం తగ్గలేదండి. గది కావాలి. అక్కడ ఐసు లేదు, యూరియా లేదు, పశువులు లేవు. కృష్ణ మీంచి గాలి వస్తుంది. మెషిన్ నిజంగా ఎంత చేస్తుందో చూడాలి."

పూనా వాళ్ళని ఆగస్టు దాకా ఆగమని రాసిందట.

జూన్ 26

ఆటోలో మెషిన్ వచ్చింది. హన్నా గదంతా మూడుసార్లు కడిగింది. ఫినాయిలు వాడొద్దంది. మెషిన్ నడుస్తున్నప్పుడు నన్ను గుమ్మం దాటి రావద్దంది. మనిషి ఊపిరిలో కూడా కాస్త అమ్మోనియా ఉంటుందట. గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఊరికే నీళ్ళు మూడు పూటలా చూస్తోంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం.

జూలై 3

తేట.

జూలై 6

మెషిన్ నడిపినా తేటే. మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగి రెండోసారి అన్నం పెట్టించుకుంది. మాట్లాడలేదు గాని పెరుగు ఇంకొంచెం కావాలంది.

జూలై 11

లక్ష్మీకాంత్ వచ్చాడు. మేడ మీద గుమ్మం బయట నిలబడి సీసా చూశాడు. హన్నా దాచకుండా చెప్పింది. ఇవాళ్టికి పదహారు సార్లు నడిపింది, ఒక్కసారి లేత నీలం అనిపించింది, మళ్ళీ చేస్తే రాలేదు, అందుకని దాన్ని లెక్కలో వేయలేదు అని. పలక మార్చి చూడాలి, ఆర్నెల్లు పట్టొచ్చు, రాకపోవచ్చు కూడా.

కిందికి దిగాక వాడు కాఫీ చల్లార్చుకుంటూ అన్నాడు, ఎనిమిది మంది మానేశారని. ముగ్గురు ఉన్నారట. వాడు, నూనెల పెద్దాయన, ఇంకొకరు.

"ఏం చూసి ఉన్నారట?"

"ఆ రోజు కార్లేసుకుని వచ్చి నీలం చూశారు. చేతిలో కాగితాలున్నాయి. నువ్వు ఆగమన్నావు. ఆగమనే మనిషి ఒకరున్న చోట పెట్టొచ్చని పెద్దాయన అంటున్నాడు." కప్పు కింద పెట్టాడు. "ఆర్నెల్లకే. చిన్నగా."

"నా మాట మీద పెట్టొద్దు. ఆ పిల్ల లెక్కలో వేయలేదన్న దాని మీద పెట్టండి" అన్నాను.

వాళ్ళతో పాటు డబ్బు పెట్టడానికి నేనూ సంతకం పెట్టాను. ఇందులో యేసుకుమార్ కోసం ఎంత, హన్నా కోసం ఎంత, ఎరువు కోసం ఎంత అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. విడదీయలేకపోయాను. మార్చిలో అయితే విడదీసి రాసి ఉండేదాన్ని.

జూలై 20

ఆదివారం. హన్నా చర్చి అయ్యాక వచ్చింది. కొత్త పలక బిగించి, మెషిన్ పెట్టి, గుమ్మంలో నా పక్కన మెట్టు మీద కూర్చుంది. జూన్ తర్వాత అలా కూర్చోవడం ఇదే. కిందెక్కడో సోడా బండివాడు గంట కొడుతున్నాడు.

కాసేపటికి అంది, నా వైపు చూడకుండా.

"నాన్న నిద్రలో కుడిచెయ్యి తిప్పుతాడండి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కాదు, ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి. తిప్పి ఆపి, కొంచెం వెనక్కి తిప్పుతాడు. నరాల జబ్బేమో అని అమ్మ బతికున్నప్పుడు డాక్టర్లకి కూడా చూపించాం."

పీట కొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

"నెల దాటింది. తిప్పడం లేదు."

లోపల మెషిన్ టక్కుమని ఆగింది. హన్నా లేచి వెళ్ళి చుక్కలు వేసింది. సీసా వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నేను గుమ్మం ఇవతలి నుంచే చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. పుస్తకంలో తారీఖు, టైము రాసి, పక్కన సున్నా చుట్టింది.

"లోపలికి రండి ఆంటీ, ఆగిపోయింది కదా" అంది.